జీతం బాకీపడిన కెప్టెన్

చాలా ఏళ్ల తరువాత 2025 సెప్టెంబరులో మళ్ళీ మాద్రిద్‌లో అడుగుపెట్టాను. వచ్చిన పని మధ్యాహ్నానికే తెమిలిపోవడంతో అతోచా రైల్వే స్టేషను ఎదుటి నుంచి రెతీరో తోట వైపు ఎక్కే వాలు వీధి పట్టుకున్నాను. క్వెస్తా దె మొయానో అనే ఆ వీధి పక్కన పాత పుస్తకాలు అమ్మే చెక్క కొట్లు బారుగా ఉంటాయి. 1925లో వెలసిన ఆ కొట్లకు ఆ ఏటితో నూరేళ్లు నిండాయి. ఎండకు వేడెక్కిన చెక్క వాసన, దానితో కలిసిన పాత కాగితాల వాసన ముక్కుకు తగలగానే, ఆ ఊళ్ళో ఉద్యోగం వెలగబెట్టిన కాలంలో నా ఆదివారాలు ఎటు పోయేవో గుర్తుకు వచ్చింది. ఒక కొట్టు ముందు బల్ల మీద గుట్టగా పోసిన పుస్తకాల్లో స్పానిష్ నవలాకారుడు ఆర్తురో పెరెజ్ రెవెర్తె రాసిన 'కెప్టెన్ అలత్రిస్తె' చరిత్ర నవలల్లో మొదటి సంపుటం కనిపించింది. అంచులు నలిగిపోయిన ఆ ప్రతిలో కష్టమైన మాటల కింద ఎవరో బడిపిల్లవాడు పెన్సిలుతో గీతలు గీసి, మార్జిన్లలో అర్థాలు రాసుకున్నాడు. సగం పుస్తకం దాటాక గీతలు ఆగిపోయాయి. పరీక్ష అయిపోయి ఉండాలి, లేదా కథలో పడి పెన్సిలు మరిచిపోయి ఉండాలి.

అదే వారం గ్రాన్ వియా మీది పెద్ద పుస్తకాల షాపుల అద్దాల వెనుక ఆ కెప్టెన్ కథల్లో ఎనిమిదోది, పారిస్‌లో జరిగేది, గోపురాల్లా పేర్చి ఉంది. ఏడోది 2011లో వచ్చింది. పద్నాలుగేళ్లు ఎదురుచూసిన పాఠకులు ఉద్యోగాల నుంచి ఇంటికి పోతూ దారిలో ఆగి కొనుక్కుంటున్నారు. నేనూ కొన్నాను. ఆ రాత్రి హోటలు గదిలో పుస్తకం తెరిచినా కథ కంటే ఎక్కువగా పాత రోజులే కళ్ల ముందు కదిలాయి.

*

నేను మొదటిసారి మాద్రిద్ వెళ్ళినప్పుడు నాకు స్పానిష్ భాష పలకరింపుల వరకే వచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు మీద పంపారు. పంపిన కంపెనీ పేరు ఇప్పుడెందుకు గానీ, అక్కడి ఖర్చుల కోసం ఇవ్వవలసిన డబ్బు నెల తిరిగినా చేతికి వచ్చేది కాదు. అందువల్ల ఊరి నడిబొడ్డున వేర్తాస్ వీధి దగ్గర, ఒక పెద్దావిడ ఇంట్లో, లోపలి ముంగిలి వైపు తెరుచుకునే చిన్న గదిలో అద్దెకు దిగాను. ఆవిడకు డెబ్బై దాటాయి. నేను ఆవిడను సెన్యోరా అనేవాణ్ని, ఆవిడ నన్ను 'ఇహో', అంటే అబ్బాయీ అనేది. బియ్యం, చింతపండు, మినప్పప్పు కోసం నేను లవపియెస్ పేటలోని బంగ్లాదేశీల కొట్లకు నడిచి వెళ్ళి వచ్చేవాణ్ని. చారు కాగుతున్నప్పుడు ఆవిడ వంటింటి కిటికీలు రెండూ తెరిచి, ఏమీ అనకుండా హాల్లోకి పోయి కూర్చునేది.

మా పేటను సాహిత్యపు పేట అంటారని వెళ్ళాక తెలిసింది. వేర్తాస్ వీధిలో నేల మీద పరిచిన రాళ్లలో పాత కవుల, రచయితల వాక్యాలను ఇత్తడి అక్షరాలతో పొదిగారు. ఆఫీసుకు నడిచేటప్పుడు ప్రతి ఉదయం వాటిని తొక్కుకుంటూ పోవలసిందే. నాటకకర్త లోపె దె వేగా నివసించిన ఇల్లు 'దోన్ కిహోతె' రాసిన సెర్వాంతెస్ పేరిట ఉన్న వీధిలో ఉంది, సెర్వాంతెస్‌ను పూడ్చిన మఠమేమో లోపె దె వేగా పేరిట ఉన్న వీధిలో ఉంది. బతికినన్నాళ్లూ ఒకరినొకరు ఓర్వలేని ఆ ఇద్దరికీ ఊరు చేసిన ఈ ఏర్పాటు చూసి అక్కడివాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ పక్కనే ఆ కాలపు కవి కెవేదో పేరుతో ఇంకొక చిన్న వీధి. కుంటికాలు, గుండ్రటి కళ్లద్దాలు, నాలుకతోను కత్తితోను ఒకే తీరున పొడవగల కెవేదోను నేను ముందు కలుసుకున్నది మాత్రం పాఠ్యపుస్తకంలో కాదు, అలత్రిస్తె కథల్లో. తావెర్నా దెల్ తుర్కో అనే సారాకొట్టులో కూర్చుని, తనను ఎగతాళి చేసిన వాడి మీదికి కత్తి దూయబోతుంటే, కెప్టెన్ విసుక్కుంటూనే ఆయన పక్కన నిలబడతాడు.

*

ఆదివారం ఉదయం మా ఇంట్లో ఒక క్రమం ఉండేది. సెన్యోరా ప్రార్థనకు వెళ్ళి వస్తూ కియోస్కులో ఎ.బి.సి. పత్రిక కొనేది. దానితో పాటు వచ్చే వారపత్రికలో పెరెజ్ రెవెర్తె 'పాతెంతె దె కోర్సో' పేరుతో ఒక పేజీ రాసేవాడు, ఇప్పటికీ రాస్తున్నాడు. శత్రు దేశాల ఓడలను దోచుకోవడానికి పూర్వం రాజులు ప్రైవేటు నావికులకు ఇచ్చిన అనుమతి పత్రాన్ని అలా అంటారట. పేరుకు తగినట్టే ఆ పేజీలో ఆయన కనిపించిన ప్రతి ఓడనూ దోచేవాడు. చరిత్రను బళ్ళ నుంచి తరిమేసిన మంత్రులు, సరిగా రెండు వాక్యాలు రాయలేని నాయకులు, అవమానపరిచి ఇంటికి పంపిన పాత సైనికులు ఆయనకు వారం వారం వస్తువులు. సెన్యోరా దాన్ని వంటింటి బల్ల దగ్గర బిగ్గరగా చదివేది. కోపం వచ్చే చోట గొంతు పెంచేది, బూతు వచ్చే చోట గొంతు తగ్గించేది, రెండింటినీ వదిలేది మాత్రం కాదు. చదవడం అయిపోయాక అదే పేజీని బల్ల మీద పరిచి దాని మీద ఆమ్లెట్టు కోసం బంగాళాదుంపలు చెక్కు తీసేది. నాకు స్పానిష్ చెవికి పట్టింది ఆ బల్ల దగ్గరే.

"ఈయన నోటికి తాళం లేదు అబ్బాయీ, అయినా అబద్ధం చెప్పడు," అనేది. ఆవిడ ఆయనను రచయితగా కంటే ముందు టీవీలో చూసింది. రాత్రి వార్తల వేళకు భర్తతో కలిసి సూప్ తాగుతూ కూర్చుంటే, గొంతు బొంగురుపోయిన ఒక సన్నటి మనిషి వుకొవార్ నుంచో సారయేవో నుంచో మాట్లాడేవాడని, వెనుక ఏదో పేలినా తల తిప్పేవాడు కాదని చెప్పేది. పెరెజ్ రెవెర్తె 1951లో కార్తహేనా రేవుపట్నంలో పుట్టాడు. 1973 నుంచి 1994 వరకు ఇరవై ఒక్క ఏళ్లు యుద్ధ విలేకరిగా తిరిగాడు. ముందు పన్నెండేళ్లు 'పుయెబ్లో' అనే దినపత్రికకు, తరువాత స్పెయిన్ ప్రభుత్వ టెలివిజన్‌కు పనిచేశాడు. సైప్రస్, లెబనాన్, ఎరిత్రియా, ఫాక్‌లాండ్స్, ఎల్ సాల్వడార్, చివరికి యుగోస్లావియా విచ్ఛిన్నం, ఇవన్నీ ఆయన కళ్లారా చూసినవి. బోస్నియాలో ఒక వంతెన పేలే క్షణాన్ని కెమెరాలో పట్టాలని కాచుకుని కూర్చున్న ఇద్దరు టీవీ మనుషుల కథగా 1994లో 'తెర్రితోరియో కోమాంచె' అనే చిన్న పుస్తకం రాశాడు. ఆ ఏడే టెలివిజన్‌కు రాజీనామా ఇచ్చి, పూర్తిగా నవలల్లోకి వచ్చేశాడు.

ఈ సంగతి తెలిశాక ఆయన చరిత్ర నవలలు చదివే తీరే మారిపోయింది. 1620ల నాటి ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం, హాలండ్ ప్రాంతం) కందకాలలో బురద, పేలు, ఆకలి, పక్కవాడు చస్తే వాడి బూట్లు ఎవరికి సరిపోతాయోనని చూసే చూపు, వీటిని గ్రంథాలయాల్లో కూర్చుని పోగుచేసిన వాడు కాదు ఈయన. సైనికుల గురించి రాసేటప్పుడు దుస్తుల రంగు కంటే ముందు వాళ్ళ అలసట రాస్తాడు. 2006లో వచ్చిన 'యుద్ధాల చిత్రకారుడు' అనే నవలలో ఆ అలసట నేరుగా బయటపడింది. యుద్ధ ఛాయాచిత్రాలు తీయడం మానేసిన ఒకడు సముద్రపు ఒడ్డున పాత బురుజులో ఒంటరిగా గోడ నిండా ఒక మహాయుద్ధాన్ని చిత్రిస్తుంటే, ఎప్పుడో అతడు తీసిన ఒక్క ఫొటో వల్ల జీవితం పాడైన క్రొయేషియా సైనికుడు అతడిని వెతుక్కుంటూ వస్తాడు, చంపడానికి. అందులో కత్తులూ గుర్రాలూ ఉండవు. నాకు ఆయన రాసిన వాటిలో అత్యంత భయం కలిగించింది అదే.

*

అలత్రిస్తె మొదటి పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది మా సాయంత్రం స్పానిష్ క్లాసుల టీచరు. వ్యాకరణం పుస్తకం పూర్తి కాకుండానే, "దీన్ని చదవగలిగితే మిగతాది అదే వస్తుంది," అన్నారు. నిజానికి ఆ పుస్తకంలో సగం మాటలు పదిహేడో శతాబ్దపు కిరాయి కత్తిగాళ్ళవీ దొంగలవీ. మా నిఘంటువులో అవి దొరికేవి కావు. ఆవిడ బోర్డు మీద వాటిని ఒక్కొక్కటిగా రాసి, ఏది ఆఫీసులో అనకూడదో కూడా చెప్పేవారు. 2003 జూన్‌లో పెరెజ్ రెవెర్తె రాజ భాషా అకాడమీలో 'టి' పీఠం స్వీకరించినప్పుడు ఇచ్చిన ప్రసంగానికి ఎన్నుకున్న విషయం కూడా అదే, పదిహేడో శతాబ్దపు రౌడీ మాట తీరు. నిఘంటువు తయారుచేసే పెద్దల సభలో నిలబడి ఆయన దొంగల భాష గురించి మాట్లాడాడని చెబుతూ మా టీచరు నవ్వును దాచుకోలేకపోయారు.

ఆ పుస్తకం పుట్టుక గురించి ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. బడిలో చదువుతున్న కూతురి పాఠ్యపుస్తకం చూస్తే, స్పెయిన్ స్వర్ణయుగాన్ని అతి క్లుప్తంగా ముగించేశారట. చిత్రకారుడు వెలాస్కెజ్, కెవేదో, లోపె దె వేగా, ప్రపంచం సగం ఏలిన రాజు, ఆ రాజు చేతుల్లోంచి జారిపోతున్న సామ్రాజ్యం, ఇదంతా పిల్లలకు ఎవరు చెబుతారని ఆయన బాధ. 1996లో వచ్చిన మొదటి పుస్తకం మీద కూతురు కార్లోతా పేరు కూడా ఉంది. కథ చెప్పేది ఇన్యిగో బాల్‌బోవా అనే పదమూడేళ్ల కుర్రవాడు, ముసలితనంలో వెనక్కు తిరిగి చూస్తూ. వాడి తండ్రి ఫ్లాండర్స్ యుద్ధంలో చనిపోతూ కొడుకును స్నేహితుడికి అప్పగించాడు. ఆ స్నేహితుడే దియెగో అలత్రిస్తె. ఆయన అసలు కెప్టెనే కాదు, ఒకానొక పోరులో తోటి సైనికులకు నాయకత్వం వహించినందుకు నిలిచిపోయిన బిరుదు అది. గాయపడి సైన్యం నుంచి తిరిగి వచ్చి, మాద్రిద్‌లో తన కత్తిని అద్దెకిచ్చి బతుకుతుంటాడు. గొప్ప నిజాయితీపరుడనో భక్తుడనో ఇన్యిగో చెప్పడు, ధైర్యవంతుడని మాత్రం మొదటి వాక్యంలోనే చెబుతాడు.

మొదటి కథ 1623లో ఇంగ్లండు యువరాజు, మార్క్వెస్ ఆఫ్ బకింగ్‌హామ్‌తో కలిసి, మారుపేర్లతో మాద్రిద్‌కు గుర్రాల మీద వచ్చిన నిజమైన ఘటన చుట్టూ అల్లినది. వాళ్ళెవరో తెలియకుండానే వాళ్ళ మీద దాడి చేయడానికి అలత్రిస్తెను కుదుర్చుకుంటారు. చీకటి సందులో కత్తులు కలిసిన తరువాత, ఆ పరదేశుల్లో ఒకడు తన కోసం కాక తోటివాడి కోసం ప్రాణభిక్ష అడుగుతాడు. అలత్రిస్తె కత్తి దించేస్తాడు. కథంతా ఆ ఒక్క క్షణానికి కట్టిన వడ్డీయే. పక్కన ఉన్న ఇటలీ హంతకుడు మలతెస్తాకు ఆ సంకోచం అర్థం కాదు, డబ్బు తీసుకున్నాక ఇదేమిటని వాడి ప్రశ్న. ఆ ఇద్దరి మధ్య పగ తరువాతి పుస్తకాలలోనూ వెంటాడుతుంది.

నాకు ఆ రోజుల్లో తెగ నచ్చినది మరొకటి. ఈ కెప్టెన్‌కు ఎప్పుడూ ఎవరో ఒకరు బాకీ ఉంటారు. మూడో పుస్తకం 'బ్రెదా సూర్యుడు'లో బ్రెదా కోట ముట్టడి సాగుతుండగా జీతాలు రాక స్పెయిన్ సైనికులు తిరగబడతారు. మిగతా జాతుల సైన్యాలు యుద్ధానికి ముందే తిరగబడి జీతం రాబట్టుకుంటాయని, స్పెయిన్‌వాళ్ళు మాత్రం యుద్ధం చేశాకనే తిరగబడతారని ఇన్యిగో గర్వంగా చెబుతాడు. ఎంత తెలివితక్కువ గర్వమది! ఖర్చుల డబ్బు కోసం కంపెనీకి మెయిళ్ళు రాసి రాసి విసిగిపోయిన నేను ఆ పేజీని ఆఫీసు డెస్కు మీద పెట్టుకుని చదివాను. తిరుగుబాటు మాత్రం చేయలేదు.

*

ఆ కథల్లో ఒక విచిత్రం ఉంది. కెప్టెన్ ఎక్కడ, ఎప్పుడు చనిపోతాడో ఇన్యిగో ముందే చెప్పేస్తాడు. 1643లో, రొక్రువా మైదానంలో, ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల ఎదుట, ఓటమి తప్పదని తెలిసి కూడా చెదరని పాత పదాతి దళపు వరుసల్లో. అజేయమని పేరుపడిన స్పెయిన్ పదాతి దళపు కీర్తి ఆ మైదానంలోనే మసకబారింది. చివర తెలిసిపోయిన సాహస కథను ఎవరు చదువుతారని మా క్లాసులో ఒక బ్రెజిల్ అమ్మాయి అడిగింది. టీచరు ఏదో సమాధానం చెప్పారు. నాకు ఆ ప్రశ్నే కొత్తగా అనిపించింది, ఎందుకంటే నేను పెరిగినది బొబ్బిలికి కూతవేటు దూరంలో.

మా ఊళ్ళో సంక్రాంతి దాటిన తరువాత బుర్రకథ పెట్టించేవారు. పెట్రోమాక్సు దీపాల వెలుతురులో కథకుడు భుజాన తంబురా వేసుకుని, వేలి అందెలు మోగిస్తూ ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంటే, అటూ ఇటూ డక్కీలు పట్టుకున్న వంతగాళ్ళలో ఒకడు రాజకీయం, ఇంకొకడు హాస్యం అందుకునేవాడు. బొబ్బిలి కోట పడిపోతుందని మాకు తెలుసు. బుస్సీ ఫిరంగులు వస్తాయని, రంగారావు నేలకొరుగుతాడని, స్త్రీలూ పిల్లలూ బతకరని, తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా చేరుకుని డేరాలో దూరి విజయరామరాజును పొడుస్తాడని మా అమ్మమ్మ మొదలుకొని చంకనెత్తుకున్న పిల్లల దాకా అందరికీ తెలుసు. అయినా పాపారాయుడికి కబురు అందే ఘట్టం వచ్చేసరికి, ఈసారైనా వేళకు చేరుకుంటాడేమోనన్నట్టు చాపల మీద జనం ముందుకు జరిగేవారు. వంతగాడు వేసే జోకుకు పగలబడి నవ్వి, మరుక్షణం కళ్లు తుడుచుకునేవారు.

1757లో జరిగినదాన్ని పదేపదే వింటూ పెరిగినవాణ్ని గనుక పెరెజ్ రెవెర్తె పట్టు నాకు సులభంగానే అందింది. ఫలితం మీద ఉత్కంఠను ఆయన ముందే కొట్టేసి, ఓడిపోయేవాడు ఆ రోజు పొద్దున ఏం తిన్నాడు, ఎవరి మీద విసుక్కున్నాడు, ఎందుకు పారిపోలేదు అన్నదాని మీద మన చూపు నిలుపుతాడు. 'కేప్ ట్రఫాల్గర్' నవల అంతే. 1805లో నెల్సన్ నౌకాదళం చేతిలో స్పెయిన్, ఫ్రాన్సు ఓడలు ధ్వంసమైన ఆ రోజును, ఆంతియ్యా అనే కల్పిత ఓడ మీది నావికుల నోటి మాటల్లో, ఈనాటి వీధి బూతులు కలిపి చెబుతాడు. నవ్వించి నవ్వించి, ఓడ మునిగేటప్పుడు మనల్ని ఒంటరిగా వదిలేస్తాడు. బుర్రకథ హాస్యగాడు చేసే పనే అది.

*

మాద్రిద్‌ను నాకు చూపించినవి గైడు పుస్తకాలు కావు, ఈ నవలలే. ప్వెర్తా దెల్ సోల్ కూడలికి వెళితే, ఒకప్పుడు అక్కడ సాన్ ఫెలిపె చర్చి మెట్ల మీద ఊరి వదంతులన్నీ పుట్టేవని, పని లేని సైనికులు ఎండకు కూర్చుని ఫ్లాండర్స్‌లో తాము చేయని సాహసాలు చెప్పుకునేవారని కెప్టెన్ కథల వల్లే తెలుసు. ఆ చర్చి ఇప్పుడు లేదు, నా రోజుల్లో అక్కడ బస్సు కోసం నిలబడే జనం ఉండేవారు.

ప్రాదో మ్యూజియంలో సాయంత్రం చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితం. డబ్బు అందని ఆ నెలల్లో నేను తరచుగా అక్కడే ఉండేవాణ్ని. వెలాస్కెజ్ గీసిన 'బ్రెదా లొంగుబాటు' ముందు చాలాసేపు నిలబడేవాణ్ని. 1625లో పడిన ఆ కోట తాళంచెవిని ఓడిన నాసావు వంగి అందిస్తుంటే, గెలిచిన స్పినోలా గుర్రం దిగి వచ్చి, అతడిని మరీ వంగనివ్వకుండా భుజం మీద చెయ్యి వేస్తాడు. వెనుక ఆకాశంలోకి నిలువుగా లేచిన ఈటెల అడవి. ఆ చిత్రానికి వివరాలు చెప్పింది తానేనని, గుంపులో కెప్టెన్ కూడా ఉన్నాడని ఇన్యిగో నవలలో వాదిస్తాడు. పుస్తకం చివర పండితులు రాసినట్టుగా ఒక అనుబంధం కూడా చేర్చి, రచయిత ఆ అబద్ధాన్ని గంభీరంగా చర్చిస్తాడు. ఒక సాయంత్రం నా పక్కన ఒక తండ్రి, పదేళ్ల కొడుకు ఆ చిత్రం ముందు నిలబడి అలత్రిస్తె ఎక్కడున్నాడని వెతుకుతున్నారు. గుర్రం వెనకాల ఉన్నాడని వాడు, కాదు టోపీ వాడే అని తండ్రి. అక్కడ కుర్చీలో కూర్చున్న కాపలా ఆవిడ రోజూ వినే గొడవే అన్నట్టు కళ్లు తిప్పింది.

2008 మే నెలలో నెపోలియన్ సైన్యం మీద మాద్రిద్ ప్రజలు తిరగబడి రెండు వందల ఏళ్లు నిండాయి. అంతకు ముందు ఏడాదే ఆయన 'ఉన్ దియా దె కోలెరా', అంటే 'ఆగ్రహపు దినం' రాశాడు. 1808 మే 2 ఉదయం నుంచి మర్నాటి తెల్లవారుజాము కాల్పుల దాకా గంట గంటకూ నడిచే ఆ పుస్తకంలో నాయకుడంటూ ఎవడూ లేడు. కసాయివాళ్ళు, దర్జీలు, కత్తెర పట్టుకుని వీధిలోకి వచ్చిన ఆడపిల్లలు, జైలు నుంచి పోరాటానికి సెలవడిగి బయటికి వచ్చిన ఖైదీలు, రికార్డుల్లో పేర్లు మిగిలిన మామూలు మనుషులు వందల మంది ఒక్కొక్కరుగా వచ్చి, తమ వంతు చేసి, చాలామంది చచ్చిపోతారు. రాజుగారి సైన్యం బారకాసుల్లోనే కూర్చుంటే, దావోయిస్, వెలార్దె అనే ఇద్దరు ఫిరంగి దళం కెప్టెన్లు మాత్రం మొంతెలియోన్ ఆయుధాగారం తలుపులు తెరిచి జనానికి తుపాకులిచ్చారు. ఆ ఆయుధాగారంలో మిగిలినది ఒక ఇటుక ద్వారం. దాని కింద ఇప్పుడు యువకులు బీరు సీసాలతో కూర్చుంటారు. మా సెన్యోరాకు ఆ పుస్తకంలో తన తాతల ఇంటిపేరు కనిపించిందట. బంధువో కాదో ఆవిడకు తెలియదు, కానీ ఆ పేజీ మడత మాత్రం విప్పలేదు.

ఆ తిరుగుబాటు మీద ఆయన తీర్పు చేదుగా ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు తెచ్చిన కొత్త భావాలు దేశానికి మేలు చేయగలిగేవని తెలిసినవాళ్ళు ఇళ్లలో తలుపులు వేసుకున్నారని, చెడ్డ రాజు కోసం మంచి మనుషులు చచ్చారని ఆయన లెక్క. దేశభక్తి పుస్తకం అనుకుని కొన్నవాళ్ళలో కొందరికి అది మింగుడుపడలేదు.

*

మొయానో కొట్ల దగ్గరే నేను 'ఎల్ క్లబ్ ద్యూమా' కొన్నాను. 1993 నాటి ఆ నవలలో లూకాస్ కోర్సో అనే పాత పుస్తకాల వేటగాడు ద్యూమా రాసిన 'త్రీ మస్కెటీర్స్' రాతప్రతిలోని ఒక అధ్యాయం వెంట ఒకవైపు, దయ్యాన్ని పిలిచే పుస్తకం వెంట ఇంకోవైపు తిరుగుతాడు. 1999లో పొలాన్‌స్కీ తీసిన సినిమా దయ్యాన్ని ఉంచుకుని ద్యూమాను వదిలేసింది. ప్రాణం ఉన్న సగాన్ని పారేశారని నా ఫిర్యాదు. ఆ నవలలో పోర్చుగల్‌లోని సింత్రాలో ఉండే ఫర్గాస్ అనే ముసలి ధనవంతుడున్నాడు. సామాను, తివాచీలు అన్నీ అమ్ముకున్న పెద్ద భవంతిలో, మిగిలిన పుస్తకాలను నేల మీద వరుసగా పేర్చుకుని, ఇల్లు నిలవడం కోసం అప్పుడప్పుడూ వాటిలో ఒకటి అమ్మవలసి వచ్చినప్పుడు, ఏది పోవాలో తేల్చుకోలేక కుమిలిపోతాడు. పుస్తకాలు పోగేసిన వాళ్ళెవరైనా ఆ అధ్యాయం చదివి కాసేపు తమ బీరువా వైపు చూడకుండా ఉండలేరు.

ఇంట్లోని పాత పుస్తకాల మధ్య ద్యూమా, సబాతీని, స్టీవెన్సన్, కాన్రాడ్‌లను చదువుతూ పెరిగినవాడు పెరెజ్ రెవెర్తె. ఆ ఋణాన్ని దాచుకోడు. ఆయన మొదలుపెట్టినప్పుడు స్పెయిన్‌లో గంభీర సాహిత్యమంటే సాహస కథ కాదు. 1988లో వచ్చిన 'కత్తిసాము గురువు'లో, 1868 విప్లవం ముంగిట, తుపాకుల కాలంలో ఎవరికీ అక్కరలేని విద్య నేర్పుతున్న ముసలి గురువు ఎవరూ కాచుకోలేని ఒక్క పోటు కోసం వెతుకుతుంటాడు. అలాంటి కథను కూడా వాక్యం మీద శ్రద్ధతో రాయవచ్చని ఆయన చూపించాక దారి పడింది. ఆ తరువాత స్పెయిన్‌లో చరిత్ర నవలల వరద వచ్చింది. అందులో చెత్తా ఎక్కువే, దానికి ఆయనను తప్పుపట్టలేం.

తప్పుపట్టవలసినవి వేరే ఉన్నాయి. ఆయన ఆడవాళ్ళలో చాలామంది ఒకే అచ్చు. అందం, రహస్యం, చివర్లో నమ్మకద్రోహం. 'కత్తిసాము గురువు'లోని అదేలా ద ఒతేరో అయినా, ఇన్యిగో ప్రేమించిన ఆంహెలికా అయినా, సముద్రంలో మునిగిన ఓడ కోసం నావికుణ్ణి వెంట తిప్పుకునే తాన్హేర్ అయినా అంతే. మెక్సికో నుంచి పారిపోయి వచ్చి జిబ్రాల్టర్ జలసంధిలో మాదకద్రవ్యాల సామ్రాజ్యం కట్టిన తెరేసా మెందోసా ఒక్కతే ఆ అచ్చులోంచి పూర్తిగా బయటపడింది. గౌరవం అనే మాట మీద ఆయనకున్న మోజు కూడా ఒక్కోసారి హద్దు దాటుతుంది. సెన్యోరాతో ఇవి అంటే, "రోజూ ఆమ్లెట్టే వండుతానని నన్నూ తిడతావా?" అనేది.

*

2006లో అలత్రిస్తె సినిమా విడుదలైన వారం ఆవిడను గ్రాన్ వియాలోని థియేటరుకు తీసుకువెళ్ళాను. విగో మోర్టెన్‌సెన్ కెప్టెన్‌గా నటించాడు, దర్శకుడు దియాస్ యానెస్. అప్పటికి వచ్చిన పుస్తకాలన్నిటినీ రెండున్నర గంటల్లో కుక్కడంతో కథ తెగిన పూసల దండలా ఉందని నాకు అనిపించింది. కానీ వెలాస్కెజ్ రంగులు తెర మీదికి వచ్చాయి, మురికి గోళ్లు, చిరిగిన లేసులతో సహా. రొక్రువా దగ్గరికి వచ్చేసరికి హాలు మొత్తం కదలడం మానేసింది. లొంగిపోతే గౌరవంగా పోనిస్తామన్న ఫ్రెంచివాళ్ళ మాటను తిరస్కరించి ముసలి సైనికులు ఈటెలు దించుతారు. సెవియా పట్నంలో పవిత్ర వారపు ఊరేగింపుల్లో వాయించే బాణీ మొదలవుతుంది. సెన్యోరా బయటికి వచ్చాక చాలాసేపు కోపంగా ఉంది. సినిమావాళ్ళు చంపేస్తే చంపుకోనీ, పుస్తకంలో మాత్రం ఆయన ఈ మనిషిని చంపలేడని, అంత ఇష్టమైనవాడిని రొక్రువా దాకా తీసుకుపోవడానికి ఆయనకు చెయ్యి రాదని ఆవిడ పందెం.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు పర్యాటకులకు రోజువారీ అద్దె గదులున్నాయి. కింద ఉన్న పాలకొట్టు స్థానంలో సామాను దాచుకునే లాకర్లు పెట్టారు. టీచరు మాత్రం పదవీ విరమణ చేసి అదే పేటలో ఉన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు కలిస్తే, కొత్త పుస్తకం రెండు రోజుల్లో ముగించానని చెప్పారు. కథ 1628లో, ఫ్రెంచి రాజు లా రోషెల్ పట్టణాన్ని ముట్టడించిన కాలంలో జరుగుతుంది. ఇన్యిగో ఇప్పుడు కుర్రవాడు కాదు, సొంత కత్తి ఉన్న యువకుడు. కెప్టెన్ నడుము పట్టుకుంటోంది. రొక్రువాకు ఇంకా పదిహేనేళ్లు ఉన్నాయి, రచయితకు డెబ్బై దాటాయి. ఎనిమిది పుస్తకాలు పట్టింది అయిదేళ్ల కథకు, ఈ లెక్కన ఆ మైదానం దాకా వెళ్ళడం జరిగే పని కాదని టీచరు వేళ్లు మడిచి చూపించారు. మా సెన్యోరా పందెం గెలిచేలా ఉందన్నమాట. నాకది నచ్చలేదు. బొబ్బిలి కథ విని పెరిగినవాణ్ని, కోట పడకుండా కథకుడు తంబురా దించితే కోపం వస్తుంది. మధ్యలో పదిహేనేళ్లు వదిలేసైనా సరే, ఆయన రొక్రువా రాయవలసిందేనని టీచరుతో గట్టిగానే వాదించాను.